బండను తట్టి చూసినట్టు

బేతంచెర్లలో బండలు కొనడానికి వచ్చిన అనుభవమున్న మేస్త్రీ ముందుగా ధర అడగడు. పేర్చిన వరుసలోంచి ఒక బండను ఒక అంచున కాస్త పైకి లేపి, రెండో చేతి వేలి కణుపులతో తట్టి చెవి ఒగ్గుతాడు. ఖణేల్‌మంటే పక్కన పెట్టిస్తాడు. శబ్దం మొద్దుగా వచ్చిందంటే లోపల కంటికి కనపడని నెర్రె ఉన్నట్టే లెక్క. అప్పుడు ఆ బండ ఎంత నున్నగా పాలిష్ పట్టి మెరుస్తున్నా ముట్టుకోడు. ఇంటికి తీసుకుపోయి పరిచాక పగిలితే మళ్ళీ పెకలించడం ఎంత కష్టమో వాడికి తెలుసు.

ఈ అధ్యాయం ఒక ఖరీదైన పరికరం గురించి. వెన్నుపాము పక్కన సన్నని తీగలు అమర్చి, చిన్న చిన్న కరెంటు తరంగాలతో నొప్పిని తగ్గించే పరికరమది. దాన్ని స్పైనల్ కార్డ్ స్టిమ్యులేటర్ అంటారు. ఏళ్ళ తరబడి నడుము నొప్పితో ఉన్నవాళ్ళు, ముఖ్యంగా ఆపరేషన్ అయ్యాక కూడా నొప్పి పోనివాళ్ళు, ఏదో ఒక పెద్దాసుపత్రిలో ఈ పేరు వినే ఉంటారు. ఖర్చు లక్షల్లో ఉంటుంది. అయితే దీనికో మంచి గుణం ఉంది. ఒంట్లో శాశ్వతంగా పెట్టించుకునే ముందు కొన్నాళ్ళు తాత్కాలికంగా వాడి చూడొచ్చు. బండను తట్టి చూసినట్టే. మోకాలి చిప్ప మార్పిడికి ఆ వీలు లేదు, డిస్క్ ఆపరేషన్‌కూ లేదు. అట్లా తట్టి చూసే అంత విలువైన వారం రోజుల్ని చాలామంది మంచం మీద పడుకుని, ఆశ పెట్టుకుని గడిపేస్తారు. అది నా కళ్ళతో చూశాను. నేను నంద్యాలలో ఫిజియోథెరపీ చేస్తాను. పుట్టింది పెరిగింది బేతంచెర్లలో. మా ఊళ్ళో బండలు మోసిన నడుములే నా చేతికి ఎక్కువగా వస్తాయి.

మా బావ నడుము

మా అక్క భర్త పద్దెనిమిదేళ్ళకే లారీ లోడింగ్ పనికి చేరాడు. రెండడుగుల చదరం, అంగుళం మందం ఉన్న నాపరాయి సుమారు 25 కిలోలు తూగుతుంది. మందం పెరిగితే బరువూ పెరుగుతుంది. బండను అంచు మీద నిలబెట్టి, తొడకు ఆనించుకుని, నడుము పక్కకు తిప్పి లారీ మీదున్న మనిషికి అందించాలి. లారీ నిండేసరికి ఆ తిప్పు వందల సార్లు తిరగాలి. నలభై రెండో ఏట ఒక పొద్దున బావ అట్లా తిరిగి మళ్ళీ నిటారుగా నిలబడలేకపోయాడు. ఎడమ పిర్ర నుంచి పిక్క దాకా కరెంటు కొట్టినట్టయింది. చేతిలో బండ ఉంది. దాన్ని పడేస్తే కింద ఉన్నవాడి కాలు పోతుంది. మెల్లగా దించి, దాని పక్కనే తనూ కూలబడ్డాడు.

తర్వాత ఎల్4-ఎల్5 డిస్క్ ఆపరేషన్ అయింది. పది నెలలు బాగున్నాడు. ఆ పైన మళ్ళీ అదే కాలు, అదే దారి. కానీ నొప్పి రకం మారింది. "కాలు లోపల మిరపకాయలు నూరి పూసినట్టుంది బామ్మర్దీ, దుప్పటి తగిలినా ఓర్చుకోలేను" అన్నాడు.

ఇది ఆయన ఒక్కడికే జరగలేదు. నడుము ఆపరేషన్ అయినవాళ్ళలో నూటికి పది నుంచి నలభై మందికి ఏదో ఒక మేరకు నొప్పి మిగులుతుందని వేర్వేరు అధ్యయనాలు చెబుతున్నాయి. దీన్ని చాలాకాలం 'ఫెయిల్డ్ బ్యాక్ సర్జరీ సిండ్రోమ్' అన్నారు. ఆ పేరు విన్న ప్రతి రోగీ తానే పరీక్ష తప్పినట్టు తలవంచుకునేవాడు. ఇప్పుడు 'పర్సిస్టెంట్ స్పైనల్ పెయిన్ సిండ్రోమ్' అంటున్నారు. అంటే విడవకుండా నిలిచిన వెన్ను నొప్పి. ఈ పేరులో నేరం ఎవరి మీదా లేదు, అందుకే నాకు నచ్చింది.

ప్రపంచం మొత్తం మీద 2020లో 61.9 కోట్ల మందికి నడుము నొప్పి ఉందని అంచనా. 2050కి ఆ సంఖ్య 84.3 కోట్లకు చేరుతుందంటున్నారు. మనిషిని పనికి దూరం చేసే జబ్బుల్లో మొదటి స్థానం దీనిదే. మీరు ఒంటరిగా లేరు అని చెప్పడానికే ఈ అంకెలు రాశాను. నడుము నొప్పి బయటికి కనపడదు. కట్టు ఉండదు, కుట్లు కనపడవు. ఇంట్లోవాళ్ళే "పని తప్పించుకోడానికి" అంటారు. ఆ మాట నొప్పి కంటే ఎక్కువ నొప్పిస్తుంది.

మీ నడుము నాపరాయి కాదు

మా ఊళ్ళో నడుము గురించి మాట్లాడే మాటలన్నీ రాళ్ళ నుంచి వచ్చాయి. పూస అరిగింది. డిస్క్ జరిగింది. నడుము విరిగింది. రాయి అరిగితే మళ్ళీ రాదు, పగిలితే అతకదు. అందుకే ఎం.ఆర్.ఐ. రిపోర్టు చేతికి వచ్చిన రోజే చాలామంది మనసులో మంచం పడతారు. ఇంక వంగితే లోపలేదో పుటుక్కుమంటుందని భయం. ఆ భయంతో నడుమును కొయ్యలా బిగబట్టి తిరుగుతారు. బిగబట్టిన కండరం అలిసి నొస్తుంది. నొప్పి భయాన్ని పెంచుతుంది, భయం నొప్పిని పెంచుతుంది.

నొప్పి అసలే లేని మామూలు మనుషులకు తీసిన స్కానుల మీద వచ్చిన అధ్యయనాలన్నింటినీ కలిపి 2015లో లెక్క కట్టారు. ఇరవై ఏళ్ళ వయసులోనే నూటికి 37 మందికి డిస్కులు అరిగినట్టు కనిపించాయి. ఎనభై ఏళ్ళకు నూటికి 96 మందికి. డిస్క్ ఉబ్బు ఇరవై ఏళ్ళవాళ్ళలో నూటికి 30 మందికి ఉంది. వీళ్ళెవరికీ నొప్పి లేదు, గుర్తుపెట్టుకోండి. జుట్టు నెరిసినట్టే డిస్కూ నెరుస్తుంది. రిపోర్టులో ఉన్న మాటకూ మీ నొప్పికీ ఎంత సంబంధం ఉందో పరీక్షించి చూసిన డాక్టరే చెప్పాలి, కాగితం చెప్పలేదు.

అయితే కొన్ని లక్షణాలు కనిపిస్తే ఈ పుస్తకం పక్కన పెట్టి అదే రోజు ఆసుపత్రికి పోవాలి. మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, మలం అదుపు తప్పడం, కూర్చునే చోట తొడల మధ్య మొద్దుబారడం, పాదం ఉన్నట్టుండి పైకి లేవకపోవడం. జ్వరం, బరువు తగ్గడం, రాత్రిపూట పడుకున్నా విడవని నొప్పి ఉంటే ఆలస్యం చేయకండి. మన దేశంలో వెన్నుపూసకు క్షయ సోకడం అరుదైన సంగతి కాదు. మందులతో నయమవుతుంది, ముదరనిస్తే కాళ్ళు పడిపోతాయి.

పరికరం కంటే ముందు

స్టిమ్యులేటర్ ఆలోచన వచ్చేసరికి చాలామంది "అన్నీ అయిపోయినాయి సార్" అంటారు. ఏమేం అయ్యాయని అడిగితే సూదులు, బెల్టు, ట్రాక్షన్, పసరు కట్లు చెబుతారు. కొందరు పేరు లేని పొట్లాల మందులూ మింగి ఉంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుము నొప్పికి మార్గదర్శకాలు ఇచ్చింది. నడుము బెల్టులు, ట్రాక్షన్, ఓపియాయిడ్ రకం నొప్పి మాత్రలు మామూలుగా వాడవద్దంది. వ్యాయామం, నొప్పి గురించి సరైన అవగాహన, మనసుకు సంబంధించిన చికిత్స, అవసరమైతే కొన్ని మందులు, వీటిని వాడమంది. అంటే మా వాళ్ళకు అయిపోయినవాటిలో బెల్టు, ట్రాక్షన్ మొదటి జాబితాలోవే. రెండో జాబితా మొదలే కాలేదు.

నడకను తక్కువగా చూడకండి. ఆస్ట్రేలియాలో 701 మంది మీద జరిగిన ఒక పరిశోధన 2024లో అచ్చయింది. నడుము నొప్పి తగ్గినవాళ్ళలో కొందరికి ఫిజియోథెరపిస్టు సాయంతో మెల్లగా పెంచుకుంటూ పోయే నడక నేర్పారు. గమ్యం వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట. మిగతావాళ్ళను వాళ్ళ మానాన వదిలేశారు. నడవనివాళ్ళకు సుమారు 112 రోజులకు నొప్పి తిరగబెడితే, నడిచినవాళ్ళకు 208 రోజులు పట్టింది. అందులో పరికరాలంటే చెప్పులూ రోడ్డూ మాత్రమే.

నా దగ్గరికి వచ్చేవాళ్ళకు నడక కంటే కష్టమైన సంగతి ఇంకొకటుంది. బాగున్న రోజు ఒళ్ళు మరిచి పని చేయడం, దాని ఫలితంగా మూడు రోజులు పడుకోవడం. మా అక్క కూడా అంతే. నీళ్ళ ట్యాంకరు వచ్చిన రోజు డ్రమ్ములన్నీ తనే నింపి, రెండో రోజు పొయ్యి దగ్గర నిలబడలేకపోయింది. దీనికి మందు గడియారం. ఇరవై నిమిషాలు నిలబడితే నొప్పి ఎగదన్నుతుందని తెలిస్తే, పన్నెండో నిమిషానికే కూర్చోండి. నొప్పి చెప్పేదాకా ఆగకండి. బాగున్న రోజూ పన్నెండే, బాగాలేని రోజూ పన్నెండే. వారం గడిచాక పదమూడు. ఇంత చిన్న సంగతా అనిపిస్తుంది. చేసి చూడండి, రెండు వారాలు నిలబెట్టుకోవడమే ఎంత కష్టమో తెలుస్తుంది.

నేల మీద పడుకుంటేనే నడుముకు మంచిదని మా వైపు గట్టి నమ్మకం. ఎండాకాలం చల్లగా ఉంటుందని బండల మీద చాప కూడా లేకుండా పడుకుంటారు. స్పెయిన్‌లో 313 మంది మీద జరిగిన ప్రయోగంలో బాగా గట్టి పరుపు కంటే మధ్యరకం పరుపు మీద పడుకున్నవాళ్ళకే నొప్పి ఎక్కువ తగ్గింది. బొంత రెండు మడతలు వేసుకోండి. పడుకునేటప్పుడు మోకాళ్ళ మధ్య ఒక దిండు.

గేటు దగ్గర

గుంతకల్లు–నంద్యాల రైలు మార్గం మా ఊరి మీదుగా పోతుంది. రైలు గేటు పడిందంటే బండల లారీలన్నీ ఆగాల్సిందే. స్టిమ్యులేటర్ ఎట్లా పనిచేస్తుందో చెప్పాలంటే నాకు ఆ గేటే గుర్తొస్తుంది. 1965లో రొనాల్డ్ మెల్జాక్, ప్యాట్రిక్ వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక సిద్ధాంతం చెప్పారు. నొప్పి సంకేతాలు వెన్నుపాము దగ్గరికి వచ్చినప్పుడు అక్కడ ఒక గేటు లాంటిది ఉంటుంది. స్పర్శను మోసే లావు నరాలు చురుగ్గా ఉంటే గేటు పడుతుంది, నొప్పి మెదడు దాకా పోవడం తగ్గుతుంది. దెబ్బ తగిలిన చోట చెయ్యి తనంతట తానే రుద్దడం అందుకే. అమ్మ చేతికి ఈ సంగతి సిద్ధాంతం కంటే ముందే తెలుసు.

ఆ సిద్ధాంతాన్ని పట్టుకుని 1967లో అమెరికాలో నార్మన్ షీలీ అనే న్యూరోసర్జన్ మొదటిసారి ఒక రోగి వెన్నుపాము దగ్గర తీగ అమర్చాడు. ఇప్పటి పరికరంలో రెండు భాగాలు ఉంటాయి. సన్నని తీగలు వెన్నుపామును కప్పిన పొర బయట, ఎపిడ్యూరల్ స్థలంలో ఉంటాయి. అగ్గిపెట్టెంత బ్యాటరీ పెట్టె పిర్ర పైన గానీ పొట్ట పక్కన గానీ చర్మం కింద ఉంటుంది. నొప్పి నడుములో ఉన్నా తీగ కొనను చాలాసార్లు ఛాతీ వెనక ఎనిమిదో పూస నుంచి పదో పూస మధ్యలో పెడతారు. నడుము, కాళ్ళ స్పర్శను మోసే నరాలు వెన్నుపాములో ఆ ఎత్తున దొరుకుతాయి. పాత రకంలో నొప్పి ఉన్నచోట జుమ్‌మని తెలుస్తుంది, జేబులో ఫోను వణికినట్టు. సెకనుకు పదివేల సార్లు కొట్టే కొత్త రకంలో ఏమీ తెలియదు. ఏ రకమైనా నొప్పికి కారణాన్ని బాగుచేయదు, నొప్పి వార్తను తగ్గిస్తుంది.

ఇది ఎవరికి పనికొస్తుంది? నరం నొప్పికి. మంట, కరెంటు షాకు, సూదులు, తిమ్మిరి, కాలిలోకి దిగే లాగుడు. నడుము మధ్యలో బరువు పెట్టినట్టుండే మొద్దు నొప్పికి దీని సాయం తక్కువ. అందుకే డాక్టరు దగ్గరికి పోయే ముందు ఒక పని చేయండి. కాగితం మీద మనిషి బొమ్మ వెనక వైపు గీసి, మంట ఉన్నచోట ఎర్ర పెన్నుతో, బరువు, పీకు ఉన్నచోట నీలం పెన్నుతో రుద్దండి. మా బావ బొమ్మలో ఎడమకాలు ఎర్రగా ఉంది, నడుమంతా నీలంగా ఉంది. ఆ నీలం చూసి నాకు మొదటి రోజే అనుమానం వచ్చింది. బావకు చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

రుజువుల సంగతి మీకు దాచకుండా చెప్పాలి. కెనడా, యూరప్ సహా కొన్ని దేశాల్లో వంద మంది రోగుల మీద జరిగిన పరిశోధన 2007లో వచ్చింది. ఆపరేషన్ తర్వాత కాలి నొప్పి మిగిలినవాళ్ళు వాళ్ళంతా. ఆరు నెలలకు పరికరం పెట్టించుకున్నవాళ్ళలో నూటికి 48 మందికి కాలి నొప్పి సగం గానీ అంతకంటే ఎక్కువ గానీ తగ్గింది. మామూలు వైద్యంలో ఉన్నవాళ్ళలో నూటికి 9 మందికే అంత తగ్గింది. అదే పరిశోధనలో ఏడాది తిరిగేలోపు పరికరం అమర్చినవాళ్ళలో మూడో వంతు మందికి తీగ జరగడం, ఇన్‌ఫెక్షన్, పెట్టె దగ్గర నొప్పి లాంటి ఇబ్బందులు వచ్చాయి. ఆ పైన 2022లో నార్వేలో 50 మందికి పరికరం పెట్టి, ఎప్పుడు కరెంటు వస్తోందో ఎప్పుడు రావడం లేదో రోగులకు తెలియకుండా నడిపి చూశారు. కరెంటు ఉన్నప్పటికి, లేనప్పటికి చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. 2023లో కాక్రేన్ సంస్థ 13 అధ్యయనాలను, 699 మంది రోగుల వివరాలను సమీక్షించి, నడుము నొప్పికి ఈ పరికరం దీర్ఘకాలంలో మేలు చేస్తుందని చెప్పలేమంది. ఈ రంగంలోని డాక్టర్లు కొందరు ఆ సమీక్షతో విభేదించారు. నేను ఈ పరికరంతో కాలి మంట తగ్గి మళ్ళీ పనికి పోయిన మనిషిని చూశాను. రెండేళ్ళకు తీయించుకున్న మనిషినీ చూశాను. కాబట్టి పక్కింటాయనకు తగ్గిందనో, ఇంకెవరికో తగ్గలేదనో నిర్ణయానికి రావద్దు. మీ బండను మీరే తట్టి చూడాలి.

తట్టి చూసే వారం

తాత్కాలిక పరీక్షలో బోర్లా పడుకోబెట్టి, మత్తు సూది వేసి, ఎక్స్‌రే తెర మీద చూసుకుంటూ తీగ ఎక్కిస్తారు. తీగ చివర బయటికి వచ్చి, నడుముకు కట్టుకున్న చిన్న యంత్రానికి కలుస్తుంది. మూడు రోజుల నుంచి పది రోజుల దాకా ఇంటి దగ్గర వాడి చూడాలి. నొప్పి కనీసం సగం తగ్గితేనే శాశ్వతమైనది పెట్టే ఆలోచన చేస్తారు. ఆ రోజుల్లో వంగకూడదు, నడుము మెలి తిప్పకూడదు, బరువు ఎత్తకూడదు. ఒంటికి స్నానం లేదు, తడిగుడ్డతో తుడుచుకోవాలి. షుగరు ఉంటే ముందే అదుపులోకి తెచ్చుకోవాలి. రక్తం పలుచన చేసే మాత్రలు వేసుకుంటుంటే డాక్టరుకు తప్పకుండా చెప్పాలి.

చాలామంది చేసే తప్పు పరీక్ష మొదలయ్యాక లెక్క మొదలుపెట్టడం. ముందు ఎట్లా ఉందో రాసి పెట్టుకోకపోతే, సగం తగ్గిందా లేదా అనేది దేనితో పోల్చి చెబుతారు? ఈ పరీక్షకని హైదరాబాదుకు పోయే ముందు పది రోజులు బావ చేత ఒక నోటు పుస్తకం రాయించాను. నొప్పికి సున్నా నుంచి పది దాకా మార్కులు, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి. దానికంటే ముఖ్యంగా మూడు పనులు. అవి ఆయనే ఎంచుకున్నాడు. ఒకటి, రాత్రి నాలుగు గంటలు ఒక్క పట్టున నిద్రపోవడం. రెండు, బస్సులో డోన్ దాకా లేవకుండా కూర్చుని పోవడం. మూడోది అడిగితే కాసేపు ఊరకుండి, "బిల్లసర్గం గుహలకు మనవడిని తోలుకపోవాల" అన్నాడు. ఊరికి దగ్గరున్న ఆ గుహల్లో 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ తవ్వించి పాతకాలపు జంతువుల ఎముకలు తీయించాడు. మనవడికి స్కూల్లో ఎవరో చెప్పారు. రోజూ తాతను సతాయిస్తున్నాడు.

తీగ వేలాడుతుండగా గుహలకు పోవడం కుదరదు. అందుకని మూడోదానికి బదులు నలభై నిమిషాల నడక రాసుకున్నాం. ఆ పది రోజుల సగటు ఇది: మంటకు 7, నిద్రలో నాలుగు సార్లు మెలకువ, కూర్చోవడం 20 నిమిషాలు, నడక 15 నిమిషాలు.

తీగ పెట్టించుకున్నాక అక్కా బావా కూకట్‌పల్లిలో కూతురింట్లో ఉన్నారు. మొదటి రోజు ఫోన్ చేసి, "మంట పోయింది బామ్మర్దీ, సల్లగుంది" అన్నాడు. అక్క ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కానీ మొదటి రెండు రోజుల మార్కులను నేను లెక్కలో వేయను. సూది నొప్పి ఒకవైపు, ఆశ ఇంకోవైపు ఉంటాయి. మూడో రోజు నుంచి చూడాలి. బావ మూడో రోజు సిటీ బస్సు ఎక్కాడు, 25 నిమిషాలకు లేచి నిలబడ్డాడు. నాలుగో రోజు డాక్టరు చెప్పిన ప్రకారం ఒక మధ్యాహ్నం యంత్రం ఆపి చూశాడు. మంటలో తేడా తెలియలేదు. ఐదో రోజు నుంచి మార్కుల దగ్గర రాయడం తగ్గింది, కూతురే అడిగి రాసింది. వారం చివరికి మంట 5. నాలుగు గంటల నిద్ర ఏడు రాత్రుల్లో రెండు రాత్రులు. నడక 15 నుంచి 17 నిమిషాలు.

అక్క మాత్రం ఒప్పుకోలేదు. "ఏడు నుంచి ఐదుకొచ్చింది కదా, పెట్టేది పెడితే ఇంకా తగ్గుతాదేమో. ఎకరా అమ్ముదాం" అంది. పరీక్ష చేసిన డాక్టరు నోటు పుస్తకం మొత్తం చదివి, "సగం తగ్గలేదమ్మా. పొలం అమ్మొద్దు" అన్నారు. ఆయనకు నేను ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను. తీగ తీసేయడానికి కొద్ది నిమిషాలే పట్టింది. తిరుగు ప్రయాణంలో బావ ఒక్క మాటా మాట్లాడలేదు.

మీ పరీక్షలో ఫలితం వేరుగా రావచ్చు. సగం కంటే ఎక్కువ తగ్గి, నిద్ర పట్టి, మీరు రాసుకున్న పనులు చేయగలిగితే ముందుకు పోవడంలో తప్పు లేదు. అప్పుడు అడగాల్సిన ప్రశ్నలు వేరు. బ్యాటరీ ఛార్జింగ్ రకమా, కాదా? ఛార్జింగ్ లేని రకం కొన్నేళ్ళకే మార్చాలి, అంటే మళ్ళీ చిన్న ఆపరేషన్. ఛార్జింగ్ రకం ఎక్కువ ఏళ్ళు వస్తుంది గానీ చర్మం మీద ఛార్జరు ఆనించుకుని కూర్చునే ఓపిక కావాలి. తీగ జరిగితే, సెట్టింగు మార్చాలంటే కర్నూలులో ఎవరైనా చూస్తారా, ప్రతిసారీ హైదరాబాదు పోవాలా? రాను పోను ఖర్చు కూడా పరికరం ఖర్చులో భాగమే. ఎం.ఆర్.ఐ. తీయించుకోవచ్చా, ఏయే షరతులతో? 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం కింద మీ ఆసుపత్రిలో ఏది వస్తుంది, ఏది రాదు అన్నది అక్కడి ఆరోగ్యమిత్రను అడిగి కాగితం మీద రాయించుకోండి.

నా వృత్తి వాళ్ళ తరఫున ఒక హెచ్చరిక. ఈ పరికరం ఒంట్లో ఉన్నవాళ్ళు షార్ట్‌వేవ్ డయాథర్మీ అనే వేడి చికిత్స ఒంట్లో ఎక్కడా పెట్టించుకోకూడదు. తీగ వేడెక్కి నరాలు కాలిపోయే ప్రమాదం ఉంది. చిన్న ఊళ్ళ ఫిజియోథెరపీ గదుల్లో ఆ యంత్రం తరచుగా కనిపిస్తుంది. భుజం నొప్పికి పోయినా సరే, బల్ల మీద పడుకునే ముందే నోరు తెరిచి చెప్పండి. పరికరం కార్డు ఎప్పుడూ జేబులో ఉంచుకోండి.

ఊరికొచ్చాక బావ పద్దెనిమిది రోజులు నోటు పుస్తకం ముట్టలేదు. నేనూ అడగలేదు. ఆశ పెట్టుకున్నది జరగనప్పుడు మనిషికి కొంత దుఃఖం బాకీ ఉంటుంది. అది తీరనివ్వాలి. పందొమ్మిదో రోజు పొద్దున ఆయనే స్టేషను రోడ్డులో తొమ్మిది నిమిషాలు నడిచొచ్చి రాసుకున్నాడు. నరం నొప్పికి డాక్టరు రాసిన మాత్రలు, మోతాదు మెల్లగా పెంచుతూ, రాత్రిపూట మొదలుపెట్టాడు. తన దగ్గర పనిచేసిన మనిషి కదా అని బండల ఫ్యాక్టరీ ఓనరు లోడింగ్ నుంచి తప్పించి లారీల లెక్క రాసే పనిచ్చాడు. ఎత్తు బల్ల ఒకటి వేయించుకుని, పన్నెండు నిమిషాలు నిలబడి, పన్నెండు నిమిషాలు కూర్చుని రాస్తున్నాడు. వారానికి ఒక నిమిషం. మధ్యలో రెండుసార్లు నొప్పి ఎగదన్నింది. మొదటిసారి భయపడి వారం మానేశాడు. రెండోసారి నాలుగు నిమిషాలు వెనక్కి తగ్గి, నడక ఆపలేదు.

సంక్రాంతి సెలవుల్లో మనవడు వచ్చాడు. గుహల దగ్గర దాకా బావ ఆటోలో పోయి, అక్కడి నుంచి చేతికర్రతో నడిచాడు. దారిలో మూడు చోట్ల కూర్చున్నాడు. లోపలి దాకా పోలేదు. నోరు తెరుచుకున్న ఆ పెద్ద రాతిగోడల మధ్య ఒక బండ మీద కూర్చుని, పిల్లవాడు లోపలినుంచి "తాతా" అని అరిచినప్పుడల్లా తిరిగి అరిచాడట. ఆ రాత్రి పుస్తకంలో రాసుకున్నది నాకు చూపించాడు: "మంట 6. నడక 31. గుహ దాకా పోయినా. రేపు 20 నడవాల."